ఐలాండ్ హాలిడేలో గోల్ఫ్: మారిషస్, ఫుకెట్, బాలి, శ్రీలంక, లంకావిల్లో ఎవరికి ఏది సరిపోతుంది

సంక్రాంతికి వైజాగ్‌లో అందరం భోజనాలయ్యి కూర్చున్నప్పుడు మా బావగారు ఫోన్ తీసి టాప్ టెన్ గోల్ఫ్ కోర్సుల లిస్టు ఒకటి చూపించి "వేసవి సెలవుల్లో పిల్లల్ని తీసుకుని ఏదైనా ఐలాండ్‌కి వెళ్దామనుకుంటున్నాం, నా కిట్ కూడా పట్టుకెళ్తా, వీటిల్లో ఏది బెస్టో చెప్పవయ్యా" అన్నారు. పక్కనే ఉన్న మా అక్క "ఏముంది, నేనూ పిల్లలూ బీచ్‌లో, ఈయన గ్రౌండ్‌లో, టికెట్లు మాత్రం ఒకే ఫ్లైట్‌కి" అని లేచి లోపలికి వెళ్లిపోయింది. ఆ మాట నాకు బాగా గుచ్చుకుంది, ఎందుకంటే నేనూ ఒకప్పుడు అలా లిస్టులు చూసే ఐలాండ్ ఎంచుకునేవాణ్ణి. ఇప్పటికి ఈ ఐదు చోట్లా ఆడాను, కొన్ని ఫ్రెండ్స్‌తో, కొన్ని ఫ్యామిలీతో. ఆ రోజు బావగారికి చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నా.

ముందు టైమ్ లెక్క చూడండి. పద్దెనిమిది హోల్స్‌కి, అంటే ఒక పూర్తి రౌండ్‌కి, బగ్గీ (కోర్సులో తిరిగే చిన్న బండి) ఉన్నా నాలుగున్నర గంటలు పడుతుంది. అరగంట ముందు వెళ్లాలి, అయ్యాక స్నానం, ఒక కొబ్బరి బొండం, ఇంకో అరగంట. హోటల్ నుంచి కోర్సుకి గంట ప్రయాణం ఉందనుకోండి, రానూపోనూ రెండు గంటలు. మొత్తం ఏడున్నర గంటలు, అంటే రోజు అయిపోయినట్టే. ఐదు రోజుల ట్రిప్‌లో ఇలా మూడు రౌండ్లు పెట్టుకుంటే ఇంట్లోవాళ్లకి మీరు మిగిలేది రెండు రోజులు. అదే కోర్సు హోటల్‌ని ఆనుకుని ఉండి పొద్దున్న ఆరున్నరకి టీ టైమ్ (ఆట మొదలుపెట్టే టైమ్) దొరికితే పదకొండున్నరకల్లా రూమ్‌లో ఉంటారు, మధ్యాహ్నం భోజనం అందరూ కలిసి చేస్తారు, సాయంత్రం బీచ్ మీదే. అందుకే నేను ఇప్పుడు అడిగే మొదటి ప్రశ్న కోర్సు ఎంత గొప్పది అని కాదు, ఆడేసి భోజనం వేళకి వెనక్కి రాగలనా అని. రెండో ప్రశ్న, వెళ్లే నెల ఏది. మనకి సెలవులు దొరికేది వేసవిలో, దసరాకి, సంక్రాంతికి, ఈ మూడింటికీ మంచి ఐలాండ్ ఒకటే కాదు.

మే నెలలో వెళ్తే నా ఓటు మారిషస్‌కి

మారిషస్ భూమధ్యరేఖకి కింద ఉంది కాబట్టి మనకి ఎండలు మాడ్చేసే టైమ్‌లో అక్కడ చలికాలం మొదలవుతుంది, చలి అంటే వణికే చలి కాదు, పొద్దున్న పూట పలచటి జాకెట్ సరిపోతుంది. మే నుంచి అక్టోబర్ దాకా వానలు తక్కువ, ఉక్క తక్కువ. హైదరాబాద్ మే ఎండలో పొద్దున్న ఎనిమిదికే చొక్కా తడిసిపోయేవాడికి అక్కడ పదకొండింటికి కూడా హాయిగా ఆడటం ఎలా ఉంటుందో ఆడితే గానీ తెలీదు. ఒక్కటే జాగ్రత్త, గాలి. ఆగ్నేయం నుంచి వీచే గాలులు జులై ఆగస్టుల్లో బాగా బలంగా ఉంటాయి, తూర్పు తీరంలో ఇంకా ఎక్కువ. జూన్ జులైల్లో సాయంత్రం ఆరులోపే చీకటి పడిపోతుంది కాబట్టి మధ్యాహ్నం ఒంటిగంట తర్వాత టీ టైమ్ ఇస్తామంటే తీసుకోవద్దు, చివరి రెండు మూడు హోల్స్ వదిలేసి రావాల్సి వస్తుంది.

ఆ దేశంలో గోల్ఫ్ నిన్న మొన్న వచ్చింది కాదు. వకోవాలోని జింఖానా క్లబ్ 1844 నాటిది, దక్షిణార్ధగోళంలో ఇదే పాతదని అక్కడివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. కానీ హాలిడేకి వెళ్లినవాళ్లు ఆడేది ఎక్కువగా సముద్రం ఒడ్డున రిసార్ట్ కోర్సుల్లోనే. అక్కడ చాలా హోటళ్లు గ్రీన్ ఫీని (కోర్సులో ఆడటానికి కట్టే డబ్బు) ప్యాకేజీలో కలిపేస్తాయి లేదా బాగా తగ్గిస్తాయి, రూమ్ రేటు చూసి అమ్మో అనుకునే ముందు ఇది కలిపి లెక్కేయండి, మూడు రౌండ్లు ఆడేవాళ్లకి తేడా గట్టిగానే వస్తుంది.

దక్షిణాన బెల్ ఓంబ్ర్ దగ్గర హెరిటేజ్‌లో రెండు పెద్ద కోర్సులు. పాతది పీటర్ మాట్కోవిచ్ డిజైన్ చేసిన లె షాటో, ఒకప్పటి చెరకు ఎస్టేట్ భూమిలో, ఒక పక్క కొండలు ఇంకో పక్క సముద్రం. కొత్తది లా రిజర్వ్, దీన్ని మాట్కోవిచ్‌తో కలిసి దక్షిణాఫ్రికా గోల్ఫర్ లూయీ ఊస్ట్‌హైజెన్ డిజైన్ చేశాడు, 2023 డిసెంబర్‌లో అక్కడే జరిగిన మారిషస్ ఓపెన్ కూడా ఆయనే గెలిచాడు. లింక్స్ టైపు కోర్సు, చెట్లు తక్కువ, గాలి ఎక్కువ, బాల్‌ని గాల్లోకి లేపడం కన్నా నేల మీద దొర్లించడం తెలిసినవాడికి పండగ. మధ్యస్థంగా ఆడే మిడ్ హ్యాండిక్యాప్ వాళ్లు ఒకటే ఆడాలంటే నేను షాటో చెప్తా, రెండు రోజులుంటే రెండూ.

ఇక ఫోటోల్లో అందరూ చూసే ఈల్ ఓ సెర్ఫ్. బెర్న్‌హార్డ్ లాంగర్ డిజైన్, 2003లో తెరిచారు, చిన్న ద్వీపం మీద పద్దెనిమిది హోల్స్, పడవ మీద వెళ్లాలి. చాలా హోల్స్‌లో టీ (మొదటి షాట్ కొట్టే చోటు) మీద నిలబడితే ముందు మడచెట్లు, వాటి మధ్యలో నీళ్లు, ఫెయిర్‌వే (బాల్ పడాల్సిన, గడ్డి కత్తిరించిన దారి) ఎక్కడో అవతల. మా నలుగురిలో ఇద్దరికి హ్యాండిక్యాప్ 24 పైనే (ఈ అంకె ఎంత పెద్దదైతే ఆట అంత బలహీనం), వాళ్లిద్దరివీ కలిపి ఆ రోజు పాతిక బాల్స్ పోయాయి, తొమ్మిదో హోల్ దగ్గర ఒకడికి మిగిలినవి రెండే రెండు. అయినా దారి పొడవునా ఆ మడుగు రంగు చూస్తూ వాళ్లే మళ్లీ వద్దామన్నారు. అక్కడికి వెళ్తే పాత బాల్స్ రెండు డజన్లు పట్టుకెళ్లండి, ముందు టీల నుంచి ఆడండి. ఇంకో లాభం ఏంటంటే అదే ద్వీపంలో బీచ్ ఉంది, మీరు ఆడుతున్నంతసేపు పిల్లలు అక్కడే నీళ్లలో ఉంటారు, అక్క అన్న మాటకి ఇంతకన్నా మంచి జవాబు నాకు దొరకలేదు.

తూర్పునే ఎర్నీ ఎల్స్ చేసిన అనహిత, ఉత్తరాన మోన్ షుయాజీ కూడా ఉన్నాయి. గ్రాండ్ బే వైపు దిగేవాళ్లకి మోన్ షుయాజీ దగ్గర. ఐలాండ్ చిన్నదే కదా అని ఉత్తరాన రూమ్ తీసుకుని దక్షిణాన ఆడదాం అనుకోవద్దు, రోడ్ల మీద గంటన్నర దాకా పోతుంది.

ఇంకోటి, గోల్ఫ్‌తో సంబంధం లేనిదే గానీ మనవాళ్లకి చెప్పాలి. మన కోరంగి రేవు నుంచి చెరకు తోటల్లో కూలికి వెళ్లినవాళ్ల సంతతి అక్కడ ఇంకా ఉంది, ఒకప్పుడు వాళ్లని కోరంగీలు అనే పిలిచేవాళ్లు, ఉగాది ఆ దేశంలో ప్రభుత్వ సెలవు. మా నాన్నగారు కాకినాడ పక్క మనిషి, ఆయన్ని తీసుకెళ్లినప్పుడు బీచ్ కన్నా ఒక రామ మందిరం దగ్గర ఎక్కువసేపు కూర్చున్నారు.

ప్రయాణం ముంబై మీదుగా అయితే ముంబై నుంచే ఆరు గంటల పైమాట, అందుకే నాలుగు రోజుల సెలవుకి మారిషస్ వద్దు, కనీసం వారం ఉండాలి. జనవరి నుంచి మార్చి దాకా తుపాన్ల సీజన్, సంక్రాంతి సెలవులకి దీన్ని పక్కన పెట్టేయండి.

సంక్రాంతికి, తక్కువ సెలవుకి అయితే ఫుకెట్

నవంబర్ చివర నుంచి మార్చి దాకా ఫుకెట్‌లో వాన తక్కువ, సముద్రం కూడా నెమ్మదిగా ఉంటుంది. దసరాకి మాత్రం అస్సలు వెళ్లొద్దు, సెప్టెంబర్ అక్టోబర్లే అక్కడ బాగా కురిసే నెలలు. ఆట పరంగా ఈ ఐదింటిలో నాకు ఎక్కువ ఆనందం ఇచ్చింది ఇదే. ఒకప్పుడు ఆ ద్వీపమంతా తగరం గనులు, ఆ తవ్వేసిన గోతులే ఇప్పుడు చెరువులు, లోయలు అయ్యాయి, కొన్ని కోర్సులు వాటి చుట్టూ కట్టారు, అందుకే ఎత్తుపల్లాలు అంత బాగుంటాయి. రెడ్ మౌంటెన్‌లో పదిహేడో హోల్ పార్-3 (మూడు షాట్లలో ముగించాల్సిన చిన్న హోల్) అయితే కొండ అంచు మీద నిలబడి ఎక్కడో కింద పాదం దగ్గరున్న గ్రీన్‌కి (గుంట ఉండే నున్నటి గడ్డి చోటు) కొట్టాలి, బాల్ గాల్లో ఉన్నంతసేపు ఎవరూ మాట్లాడరు.

బ్లూ కాన్యన్‌లో కాన్యన్ కోర్సు 1991లో మొదలైంది. 1998 జానీ వాకర్ క్లాసిక్ టోర్నమెంట్‌లో చివరి రోజు టైగర్ వుడ్స్ ఎనిమిది షాట్లు వెనక నుంచి వచ్చి ఎర్నీ ఎల్స్‌ని ప్లేఆఫ్‌లో (స్కోర్లు సమమయ్యాక ఆడే అదనపు ఆట) ఓడించింది ఇక్కడే. పదమూడో హోల్‌లో లోయ మీదుగా డ్రైవర్‌తో (అన్నిటికన్నా దూరం కొట్టే గోల్ఫ్ కర్ర) దాటించాడని క్యాడీలు (కిట్ మోస్తూ సలహాలిచ్చేవాళ్లు) ఇప్పటికీ చూపిస్తారు. మీరూ ఒక బాల్ అటు కొట్టి చూడండి, రెండో బాల్ మాత్రం ఎడమ పక్క నుంచి బుద్ధిగా ఆడండి.

అక్కడ క్యాడీ తప్పనిసరి, అదే ఆ దేశపు గోల్ఫ్‌లో అసలు రుచి అని నా నమ్మకం. నాకు దొరికిన క్యాడీ యాభై దాటిన ఆవిడ, ఫుల్ స్లీవ్స్, మొహం మొత్తం కప్పే టోపీ, ఇంగ్లిష్ పది మాటలు. మూడో గ్రీన్ మీద నేను బాల్ ఎడమకి తిరుగుతుందనుకుని నిలబడితే ఆవిడ వచ్చి పుటర్ (గ్రీన్ మీద బాల్ దొర్లించే కర్ర) పట్టుకుని ఎడమ వైపు రెండు బాల్స్ దూరంలో పాదంతో చూపించింది. నాకు నమ్మకం కలగలేదు. ఆవిడ వంగి గడ్డి మీద అరచేత్తో ఒకవైపు రాసి చూపించింది, నున్నగా మెరిసింది, ఇంకోవైపు రాస్తే ముదురు రంగు. గడ్డి వాలు అటు ఉందని అప్పుడు అర్థమైంది, కొట్టా, పడింది. వేడి దేశాల్లో గ్రీన్ల మీద గడ్డి బరకగా ఉంటుంది, వంపు ఒకవైపు చెప్తే గడ్డి వాలు ఇంకోవైపు లాగుతుంది, అది మనకన్నా రోజూ అక్కడ తిరిగేవాళ్లకే తెలుస్తుంది. టిప్ మామూలుగా మూడు నాలుగు వందల బాత్‌లు ఇస్తారు, అది ఫీజులో కలవదు, విడిగా చేతికే ఇవ్వాలి, అందులో బేరం ఆడొద్దు దయచేసి.

ఫ్యామిలీతో వెళ్తే లగూనా ఫుకెట్ ఆలోచించండి, బాంగ్ టావ్ బీచ్ మీద నాలుగైదు హోటళ్ల మధ్యలోనే కోర్సు, గట్టి ఆటగాడికి కాస్త చదునుగా అనిపించొచ్చు గానీ తొమ్మిదింటికి ఇంట్లోవాళ్లు టిఫిన్‌కి దిగే వేళకి మీరు సగం ఆట అయ్యి ఉంటారు. బ్లూ కాన్యన్ ఎయిర్‌పోర్టుకి దగ్గర, పటాంగ్ బీచ్ దగ్గర రూమ్ తీసుకుంటే మాత్రం దూరం. ఫ్రెండ్స్ నలుగురు నాలుగు రోజులకి వెళ్తున్నారంటే ఇంక వేరే ఆలోచన అక్కర్లేదు, రెడ్ మౌంటెన్ ఒక రోజు, కాన్యన్ ఒక రోజు, చాలు. సీజన్‌లో గ్రీన్ ఫీ బాగా పెంచేస్తారు, డిసెంబర్ చివరి వారం దొరకడమే కష్టం, రెండు నెలల ముందే బుక్ చేయండి.

బాలి గోల్ఫ్ కోసం వెళ్లే చోటు కాదు, కానీ

బాలికి వెళ్లేది గుళ్ల కోసం, వరిమడుల కోసం, ఆ వాతావరణం కోసం, అందులో ఒక రౌండ్ కలిసొస్తే మంచిదే, దాన్నే ట్రిప్‌కి కేంద్రం చేసుకుంటే నిరాశపడతారు. కోర్సులు తక్కువ, ట్రాఫిక్ ఎక్కువ. పైగా నెట్‌లో పాత లిస్టుల్లో ఇప్పటికీ తానా లాట్ గుడి పక్కన గ్రెగ్ నార్మన్ చేసిన నిర్వాణ కోర్సు కనిపిస్తుంది, అది 2017లోనే మూసేశారు, మా కొలీగ్ ఒకతను దాని కోసమే అటు పక్క హోటల్ బుక్ చేసుకున్నాడు పాపం.

నుసా దువా వైపు దిగితే బాలి నేషనల్ అక్కడే ఉంది, పదిహేడో హోల్ నీళ్ల మధ్యలో గ్రీన్ ఉన్న పార్-3. ఉంగసాన్ పక్క పండావా బీచ్ పైన బుకిట్ పండావా అని పద్దెనిమిదీ పార్-3లే ఉన్న కోర్సు ఉంది, రెండున్నర మూడు గంటల్లో అయిపోతుంది, సముద్రం కనిపిస్తూ ఉంటుంది, పూర్తి కిట్ కూడా అక్కర్లేదు. కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లకి, భార్యాభర్తలిద్దరూ సరదాగా కలిసి ఆడాలనుకునేవాళ్లకి, పదీ పన్నెండేళ్ల పిల్లలకి నేను ఇది గట్టిగా చెప్తా. చాలామంది పార్-3 అంటే చిన్నచూపు చూస్తారు, హాలిడేలో మూడు గంటల ఆట ఎంత వరమో వాళ్లకి తట్టదు.

మూడోది హండారా, బెడుగుల్ కొండల్లో పాత అగ్నిపర్వతం గిన్నెలో, పీటర్ థామ్సన్ వాళ్లు చేశారు, 1974 నాటిది. వెయ్యి మీటర్ల పైన ఎత్తు కాబట్టి చల్లగా ఉంటుంది, బాల్ కూడా దూరం పోతుంది, మామూలుగా తీసేదానికన్నా ఒక మెట్టు తక్కువ దూరం పోయే క్లబ్ (గోల్ఫ్ కర్ర) తీసుకోవాలి. దాని గేటు దగ్గర ఫోటో దిగడానికే జనం క్యూ కడతారు. దక్షిణాన బీచ్ హోటల్ నుంచి రెండు గంటల దాకా పడుతుంది, అందుకని దాన్ని విడిగా పెట్టుకోకుండా బెరటన్ సరస్సు గుడి చూసే రోజుతో కలిపేయండి.

బాలిలో నాకు ఒక చేదు అనుభవం కూడా ఉంది. ఒక ట్రావెల్ ఏజెంట్ ప్యాకేజీ తీసుకున్నా, గోల్ఫ్ ఇంక్లూడెడ్ అని రాశారు, టీ టైమ్ ఎన్నింటికి అని నేను అడగలేదు. వెళ్లాక చూస్తే మధ్యాహ్నం పన్నెండూ పది. నడినెత్తిన ఎండ, ముందు రెండు పెద్ద గ్రూపులు, పద్నాలుగో హోల్ దగ్గరకి వచ్చేసరికి వాన, ఆటా పోయింది, ఇంట్లోవాళ్లతో ఆ రోజు సాయంత్రం చూడాల్సిన కెచక్ నాట్యమూ పోయింది. అప్పట్నుంచి డబ్బు కట్టేముందు టీ టైమ్ ఎన్నింటికో రాతపూర్వకంగా పంపమంటా, ఎవరినైనా సరే.

ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా బాలికి మంచి కాలం, అంటే వేసవి సెలవులకీ దసరాకీ కూడా పనికొస్తుంది. ఉగాది టైమ్‌లో వెళ్లేవాళ్లు మాత్రం ఒకటి చూసుకోవాలి. వాళ్లదీ శక సంవత్సరమే, వాళ్ల కొత్త సంవత్సరం న్యేపి చాలా ఏళ్లలో మన ఉగాది రోజునో ఒకరోజు అటూ ఇటూగానో వస్తుంది, కొన్నేళ్లలో నెల ముందే వస్తుంది, ఆ రోజు ద్వీపం మొత్తం మౌనం, ఎయిర్‌పోర్టు కూడా మూసేస్తారు, హోటల్ గేటు దాటనివ్వరు.

శ్రీలంక, ఆట మీద ప్రేమున్న గ్రూపులకి

చెన్నై నుంచి గంటన్నర ఫ్లైట్, ఖర్చు తక్కువ, తిండికి ఇబ్బంది లేదు. రాయల్ కొలంబో 1879లో పుట్టిన క్లబ్, కోర్సు మధ్యలోంచి కేలని వ్యాలీ రైలు పట్టాలు పోతాయి. మేం ఆడిన పొద్దున్న క్యాడీ చెయ్యెత్తి ఆపాడు, ఏంటా అనుకున్నాం, రెండు నిమిషాల్లో ఆఫీసులకి వెళ్లే జనంతో కిక్కిరిసిన రైలు ఫెయిర్‌వే పక్కనుంచి కూతేసుకుంటూ పోయింది, తలుపుల దగ్గర వేలాడే కుర్రాళ్లు మా వైపు చేతులూపారు, మేమూ ఊపాం. నువార ఎలియా క్లబ్ 1889 నాటిది, పద్దెనిమిది వందల మీటర్ల పైన, చుట్టూ టీ తోటలు, స్వెట్టర్ వేసుకుని ఆడే గోల్ఫ్. క్యాండీ దగ్గర విక్టోరియా రిజర్వాయర్ ఒడ్డున విక్టోరియా కోర్సు, అందంలో నాకు లంకలో అదే మొదటిది. కానీ ఈ మూడూ చూడాలంటే కారులో గంటలకి గంటలు ఘాట్ రోడ్డు, చిన్నపిల్లలకి వాంతులు. ఇది నలుగురు ఆటగాళ్లు కలిసి వెళ్లే ట్రిప్పే గానీ బీచ్ హాలిడే కాదు. బీచ్ కావాలంటే దక్షిణాన హంబన్‌తోటలో షాంగ్రిలా రిసార్ట్ లోపలే పద్దెనిమిది హోల్స్ ఉన్నాయి, అక్కడి నుంచి యాలా అడవికి సఫారీ వెళ్లొచ్చు, పిల్లలకి ఏనుగులు మీకు గోల్ఫ్. డిసెంబర్ నుంచి మార్చి దాకా ఆ తీరం బాగుంటుంది.

లంకావి ఒక్క రౌండ్ కోసం

ఎల్స్ క్లబ్ తెలుక్ దతాయ్ అని ఒక్క కోర్సు కోసం ఈ పేరు చేర్చా. దట్టమైన పాత వర్షారణ్యం మధ్యలో, కొన్ని హోల్స్ అండమాన్ సముద్రం దాకా వస్తాయి. వానలు ఎక్కువ కాబట్టి ఇసుక కొట్టుకుపోతుందని అసలు బంకర్లే (ఇసుక గుంటలు) పెట్టలేదు, ఒక్కటి కూడా ఉండదు. బంకర్లంటే భయపడేవాళ్లకి సంతోషమే గానీ ఫెయిర్‌వేలు సన్నం, అడవిలోకి పోయిన బాల్ కోసం వెతకొద్దు. బగ్గీలో అరటిపండు పెట్టి వెళ్తే కోతులు వదలవు. కౌలాలంపూర్ మీదుగా వెళ్తూ మూడు రోజులు ఆగేవాళ్లకి బాగుంటుంది, జనవరి ఫిబ్రవరిల్లో. మాల్దీవులు ఎందుకు రాయలేదని అడుగుతారేమో, అక్కడ ద్వీపాలు చిన్నవి, పద్దెనిమిది హోల్స్ కోర్సు లేదు, కిట్ మోసుకెళ్లొద్దు.

కిట్ అంటే గుర్తొచ్చింది, మూడు రౌండ్లకి తక్కువైతే నేను ఇంట్లోనే వదిలేస్తా. బూట్లు, గ్లవ్స్ మూడు, సొంత పుటర్, బాల్స్, అంతే. చెమటకి గ్లవ్ తొమ్మిది హోల్స్‌కే జారిపోతుంది కాబట్టి ఒకటి తీసుకెళ్తే చాలదు. మిగతాది అక్కడే రెంటల్, బుక్ చేసేటప్పుడే షాఫ్ట్ (క్లబ్ కాడ) రెగ్యులరా స్టిఫ్ఫా, లేడీస్ సెట్టా, ఎడమచేతి వాటమా అని మెయిల్‌లో రాయండి. కిట్ తీసుకెళ్తే ఎయిర్‌లైన్ దాన్ని మామూలు బరువులో కలుపుతుందా విడిగా డబ్బులా అన్నది టికెట్ కొనకముందే చూడాలి, వీసా రూల్స్ కూడా అంతే, ఏడాదికోసారి మారుతున్నాయి. రేంజ్‌ఫైండర్ బ్యాటరీ ఉన్నది కాబట్టి చేతి బ్యాగులో పెట్టుకోండి. హ్యాండిక్యాప్ సర్టిఫికెట్ కొన్ని పాత క్లబ్బుల్లో అడుగుతారు, ఫోన్‌లో ఒక కాపీ ఉంచుకోండి.

సముద్రం ఒడ్డున చాలా చోట్ల పాస్పాలం గడ్డి ఉంటుంది, ఉప్పునీటిని తట్టుకుంటుందని వేస్తారు, బాల్ దాని మీద పైకి నిలబడుతుంది కాబట్టి ఐరన్ క్లబ్‌తో కొట్టడం సుఖం, కానీ కింద పడ్డాక దొర్లదు. మన గోల్కొండ కోటలో గట్టి నేల మీద డ్రైవర్ కొట్టి ఇరవై గజాలు దొర్లించుకోవడం అలవాటైనవాళ్లు ఆ ఇరవై గజాలూ మర్చిపోయి ఒక మెట్టు ఎక్కువ దూరం పోయే క్లబ్ తీసుకోండి.

బావగారు చివరికి మారిషస్ ఖాయం చేశారు, మే మూడో వారం, ఏడు రాత్రులు, హోటల్ తూర్పు తీరంలో. మూడు రౌండ్లు, అన్నీ ఏడు లోపు టీ టైమ్‌లే, ఈల్ ఓ సెర్ఫ్ రోజున అందరూ ఒకే పడవలో వెళ్తున్నారు. మా అక్క ఫోన్ చేసి పిల్లలకి స్విమ్మింగ్ డ్రెస్సులు ఏ సైజు తీసుకోవాలి అని అడిగింది, పాత బాల్స్ రెండు డజన్లు నేను కొరియర్ చేశా.